ధర్మం బిళ్లల బతుకమ్మ

ఒక మనిషి చిన్నప్పటిసంది ముసలితనం దాక కూడబెట్టుకున్నదాన్ని ఒక్క తడిగుడ్డతోని ఎట్ల ఆగం చెయ్యాల్నో తెలుసుకోవాలని ఉంటే, మీరు ఎక్కడికీ పోవద్దు, నన్నడగండి. ఈ విద్యల నన్ను మించినోళ్లు నల్గొండ జిల్లాల లేరు. పక్క జిల్లాల ఉన్నరేమో గాని నాకైతే కనబడలేదు.

నాది చిట్యాల బజార్ల గాజుల దుకాణం. చెయ్యి చూసి గాజు సైజు చెప్త, చీర చూసి గాజు రంగు చెప్త. కాని తల సగం నెరిసేదాక నాకు అక్షరం ముక్క రాదు. గాజుల డబ్బా మీద ఏం రాసున్నదో గిరాకీకి వచ్చినోళ్లనే అడుగుతుంటి. మా బజారు చివర ఇంట్ల ఉండే నర్సింహ సారు, బడి నుంచి రిటైరైనంక పొద్దుపోక నా దుకాణం ముందర స్టూలేసుకొని కూసుంటుండె. ఆయనే నాకు అఆలు దిద్దిచ్చిండు. "ళ" దగ్గర నేను పదిదినాలు ఆగిపోయినా ఆయన విసుక్కోలేదు. "ఏం కాదు సుగుణమ్మా, ఆ అక్షరం దగ్గర పెద్దపెద్దోళ్లే జారి పడుతరు" అన్నడు.

అక్షరాలు రాంగనే నాకొక రోగం పట్టుకున్నది. ఇగ లోకంల నాకు రాని పని లేదనిపించింది. బస్సు మీద రాసింది చదివిన, గోడ మీద రాసింది చదివిన. పప్పు పాకెట్టు వెనుక రాసింది మా ఆయన అన్నం తింటుంటే ముంగట కూసొని చదివి వినిపించిన. "ఆ చదువుడు జర ఆపి పప్పెయ్యరాదే" అని ఆయన మొత్తుకునేదాక చదివిన. ఈ రోగం ముదిరి ఉన్న కాలంలనే సారు నాకొక పని అప్పజెప్పిండు. తప్పు ఎవరిదో మీరే చెప్పుండ్రి.

సారు మంచం కింద ఒక రేకుపెట్టె ఉండె. దాని నిండ ధర్మం బిళ్లలు. ధర్మం బిళ్లలన్నది నేను పెట్టిన పేరు. మీరు బడికి పోయినోళ్లయితే మీకు యాదికుంటది. టీబీ రోగులకు మందుల కోసమని, చూపు లేనోళ్ల కోసమని, జెండా దినం నాడు సిపాయిల కోసమని పిల్లలకు చిన్న చిన్న బిళ్లలు అమ్ముతుండె గదా, అవి. చూడనీకి తపాలా బిళ్ల లెక్కనే ఉంటది, వెనుక జిగురు గూడ ఉంటది, కాని దాంతోని ఉత్తరం పోదు. మనం ధర్మం చేసినమని చెప్పనీకే పనికొస్తది. సారుకు చిన్నప్పుడు టీబీ వచ్చి, దవాఖానల చాన్నాళ్లు ఉండి బతికి బయటపడ్డడట. అప్పటిసంది ఆ బిళ్లలంటే ఆయనకు పానం. విడి బిళ్లలే కాదు, ఒక్క బిళ్ల గూడ చింపకుండ పెద్ద పెద్ద కాగితాలకు కాగితాలే దాచిండు.

ఆయన భార్య అనసూయక్కకు మాత్రం ఆ పెట్టె సవతి. "మంచం కిందికి చీపురు పోదు, బొంతలు పెట్టనీకి జాగా లేదు" అని రోజు ఒకసారన్న తిట్టకుంటే ఆమెకు బువ్వ అరగదు.

ఆ ఏడు నల్గొండల ఒక లైబ్రరీల పాత బిళ్లల ప్రదర్శన పెడుతున్నమని కబురొచ్చింది. నచ్చినవాటిని అక్కడనే అద్దాల బీరువల ఎప్పటికీ ఉంచుతరట. ఇగ అక్క ఊకుంటదా?

"ఆ బీరువలకు పోతే సరే. పోకుంటే మాత్రం పాతపేపర్లాయనను పిలిచి కాటా మీద పెట్టిపిస్త. ఔనంటవా కాదంటవా?"

"ఔ తియ్యి" అన్నడు సారు. అన్నడు గాని ఆయన ముఖం పెట్టెకంటే ఎక్కువ తుప్పు పట్టింది.

గదే సమయానికి సారు కంట్ల పొర తీసిండ్రు. రెండో కన్ను మొదలే మసక. నల్లద్దాలు పెట్టుకోవాలె, వంగొద్దు, దగ్గరివి చూడొద్దని డాక్టరు గట్టిగ చెప్పిండట. నన్ను పిలిపిచ్చిండు.

"సుగుణమ్మా, నా బిళ్లలు చార్టు మీద సర్దాలె. నీకు అంకెలొచ్చు గదా. బిళ్ల మీదున్న సంవత్సరం చూసి, ఏ సాలువి ఆ సాలు వరుసగ పెట్టు. గీ చిన్న మడత కాగితాలున్నయి, వీటితోని మెల్లగ తగిలియ్యి. పదిమంది ఆగి చూసేటట్టు ఉండాలె."

"ఫికర్ చెయ్యకుండ్రి సారూ. పదిమంది కాదు, బజారంత ఆగుతది" అన్న.

చింపొద్దని ఆయన చెప్పలేదు. ఎందుకు చెప్తడు? బువ్వల మన్ను కలుపొద్దని ఎవరన్న చెప్తరా?

సారు ఇంటి వెనుక అర్రల చార్టు పరిచి కూసున్న. మొదలు ఆయన చెప్పినట్టే సాలువారీగ పెట్టి చూసిన. అబ్బా, ఏం చెప్పాలె! పసుపుపచ్చ పక్కన మట్టిరంగు, దాని పక్కన వంకాయరంగు, దాని నెత్తిన వెలిసిపోయిన నీలం. పెండ్లికి చీర కట్టి, కాలికొక రంగు చెప్పు తొడిగినట్టున్నది. చీర చూసి గాజు ఎంచే కన్ను నాది. అది ఓర్చుకుంటదా? లోపల నుంచి "సుగుణా, గిట్ల పెడితే దుకాణం మూసుకోవాలె" అని ఒకటే పోరు.

బతుకమ్మ పండుగ మొదలయ్యే పెత్రమాస దగ్గర పడ్డ దినాలు. మా వాకిట్ల గునుగు పూలు రంగులద్ది ఆరబెట్టి ఉన్నయి. వాటిని చూసి వచ్చిన కండ్లతోనే బిళ్లలను చూసిన. ఇగ మీకు అర్థమై ఉంటది. తంగేడు రంగువి అడుగున గుండ్రంగ పెట్టిన. దాని మీద తెల్లవి, దాని మీద ఎర్రవి, మల్ల ఊదావి, నీలంవి. ఎత్తు పెరిగినకొద్ది వరుస సన్నగైతుంటది. నడి నెత్తిన, గౌరమ్మ ఉండే జాగల, దీపం బొమ్మ ఉన్న బంగారు రంగు బిళ్ల. చూస్తే నిండు బతుకమ్మ!

ఎర్రవి తక్కువ పడ్డయి. పెట్టె అడుగున ఒక పెద్ద కాగితం నిండ ఎర్రవే ఉన్నయి. చింపిన. నీలంవి తక్కువ పడ్డయి. ఇంకో కాగితం చింపిన. ఎంత ఒద్దికగ చింపిన్ననుకున్నరు, డజను గాజులు విప్పి జత జతగ ఇచ్చినట్టు! మడత కాగితాలు చూస్తే నవ్వొచ్చింది. వెనుక జిగురు పూసి ఉన్నదానికి మల్ల కాగితం ముక్కలెందుకు? గిన్నెల నీళ్లు, తడిగుడ్డ తెచ్చుకున్న. అద్దుడు, అంటించుడు. అద్దుడు, అంటించుడు. పెట్టె ఖాళీ అయ్యేదాక లేవలేదు.

సారు ముందటి అర్రల మంచం మీద పండుకొని అడుగుతుండె.

"ఎంతదాక వచ్చింది?"

"నడుము దాక వచ్చింది సారూ."

బతుకమ్మకు నడుమంటది గని సాలుకు నడుమేందని ఆయనకు అనుమానం రాలేదు. చదువు చెప్పినోళ్లకు మన మీద గట్లనే నమ్మకముంటది పాపం.

అనసూయక్క చాయ తెచ్చి, చార్టు చూసి, గ్లాసు పట్టుకొని గట్లనే నిలబడ్డది. "ఓ పిల్లా! గీ కాగితాలల్ల గింత సక్కదనం ఉన్నదా? నాకు ఇన్నొద్దులు ఎవలూ చెప్పలే!" ఆమె ఒక బిళ్లను మెచ్చుకున్నది అదే మొదలు. నేను గాలిల తేలిన.

ప్రదర్శన నాడు చార్టును అట్టకు బిగిచ్చి, చీర చుట్టి, బస్సుల పెట్టుకొని నేను, సారు నల్గొండ పోయినం. సారు నల్లద్దాలతోని పెండ్లికొడుకు లెక్క ఉన్నడు. హాల్ల అందరి బల్లల మీద చిన్న చిన్న బిళ్లలు, కింద చీమలంత అక్షరాలు. నేను చీర ఇప్పి మాది గోడకు నిలబెట్టిన్నో లేదో, ఆడోళ్లందరు ఇటే వచ్చిండ్రు. ఒకామె సెల్ఫీ దిగింది. ఒకామె కొప్పుల పువ్వు తీసి ముంగట పెట్టింది. ఇంకొకామె "నైవేద్యానికి సద్దుల్లేవా?" అని అడిగింది. మసక కండ్ల సారు ఆ గుంపు చప్పుడు విని, "నా టీబీ బిళ్లలకు గింత గిరాకీ ఉన్నదా!" అని కుర్చీల కూసొని పొంగిపోతున్నడు.

అప్పుడొచ్చిండు పెద్దమనిషి. హైదరాబాద్ నుంచి, బిళ్లలను ఎంచనీకి పిలిపిచ్చినాయన. భూతద్దం తీసి ఎర్ర వరుస మీదికి వంగిండు. ఇంకొంచెం వంగిండు.

"ఇది... ఎవరు చేశారు?"

"నేనే సార్" అని కొంగు సర్దుకొని ముంగటికొచ్చిన. బహుమతి చేతికే ఇస్తడేమో అనుకున్న.

"ఈ ఎర్రవన్నీ ఒకే షీటులోవి కదా?"

"ఔ సార్. మస్తు పెద్ద కాగితం ఉండె."

"ఉండేదా? ఇప్పుడు?"

"చింపిన. ఒక్క పన్ను గూడ ఇరగలే, అంచులు చూడుండ్రి."

"పోనీ, దేనితో తగిలించారు?"

"వెనుక జిగురున్నది గదా సార్! తడి చేసి అంటించిన. ఎద్దును కట్టి గుంజినా రావు."

పెద్దమనిషి అక్కడనే ఉన్న స్టూలు మీద కూలబడ్డడు. "అమ్మా, జిగురు తడిపితే బిళ్ల విలువే పోతుంది. పైగా ఆ షీటు చింపకుండా ఉన్నది నేను ఇంతవరకు ఒక్కటంటే ఒక్కటి చూడలేదు."

"అయ్యో, మొన్న ఆదివారం వస్తే చూస్తుంటిరి గదా సార్!"

నిజంగ పాపమనిపించే అన్న. మీరు నమ్మాలె.

సారుకు ఏదో తేడా కొట్టింది. లేచి వచ్చి, నల్లద్దాలు నెత్తి మీదికి జరిపి, డాక్టరు చూడొద్దన్న దూరం నుంచి చూసిండు.

"సుగుణమ్మా... సాలువారీగ పెట్టమన్న గదా?"

"పెట్టిన సారూ. బాగ కనబడలే."

"నీళ్లల్ల నానబెడితే ఊడొస్తయేమో" అని నేనే మల్ల అన్న. పెద్దమనిషి రెండు చెవులు మూసుకున్నడు.

లైబ్రరీ ఆయన మెల్లగ వచ్చి, "సారూ, మా బీరువల బిళ్లలు పెడతం. దీన్ని బిళ్లలని ఎట్ల రాయాలె?" అని తల గోక్కున్నడు. అంతే. అద్దాల బీరువ మాకు లేదు.

అప్పుడు తెలిసింది నాకు, నేనేం చేసిన్నో. నాకు అక్షరాలు ఇచ్చిన మనిషికి నేను కాటా ఇచ్చిన.

వాపసు బస్సుల సారు కిటికీ దిక్కు, నేను తొవ్వ దిక్కు, నడుమ అట్ట. చీర జారిపోయి బతుకమ్మ అందరికి కనబడుతున్నది. కండక్టరమ్మ వచ్చి, "ఆడోళ్లకు జీరో టికెట్. బతుకమ్మకు గూడ కొట్టాల్నా?" అన్నది. బస్సంత నవ్వింది. మేమిద్దరం నవ్వలే.

ఇంటికి రాంగనే సారు కుర్చీల కూసొని, "తీసుకోలే అనసూయా. మాటంటే మాటే. పిలువు పాతపేపర్లాయనను" అన్నడు. నాకు కండ్లల్ల నీళ్లు బొటబొట కారినయి. "అక్కా, తప్పు నాది, నా దుకాణంల పెట్టుకుంట, కాటాకు ఎయ్యకే" అని బతిమిలాడిన.

అక్క నన్ను చూసింది, సారును చూసింది, అట్టను చూసింది. నడుము మీద చెయ్యి పెట్టింది.

"ఎవలు పిలుస్తరు? పెత్రమాస ముంగట బతుకమ్మను కాటా మీద పెడతరా? కండ్లు పోతయి!"

"గది బతుకమ్మ కాదే, కాగితం" అన్నడు సారు.

"నీ ఒక్క కన్నుకు కాగితం. నా రెండు కండ్లకు బతుకమ్మ."

సారు అదిరిపడి లేచిండు. "అయితే చెరువుల ఏస్తవా ఏంది?"

"చెరువెందుకు? మొలలు తే. తలుపుకు ఎదురుంగ కొట్టు. ఆ ఖాళీ పెట్టె ఇటియ్యి, నా బొంతలు పెట్టుకుంట."

గట్ల మంచం కింద చీకట్ల పడి ఉన్న బిళ్లలు ఇంటి నట్టనడుమ గోడకెక్కినయి. కన్ను నయమైనంక సారు దాని ముంగట స్టూలేసుకొని, ఏ బిళ్ల ఏ సాలుదో వెతుక్కుంట కూసునుడు మొదలువెట్టిండు. పాలాయన వచ్చినా, కరెంటు మీటరు చూసేటాయన వచ్చినా, "గీ నీలం వరుసల మూడోది చూడు, గది నేను దవాఖాన నుంచి వచ్చిన ఏడు" అని మొదలువెడతడు. వచ్చినోళ్లు మంచినీళ్లు తాగి, అంత విని, అప్పుడే పోతరు.

నన్ను మాత్రం ఊకె ఇడువలే. బడి పిల్లలకు ఏసే శిక్షే ఏసిండు. "జిగురు ఉన్నదల్లా అంటించరాదు" అని కాగితం నిండ రాసి తెమ్మన్నడు. మనవరాలిని ఎత్తుకునే వయసుల, దుకాణంల గాజుల నడుమ కూసొని రాసిన. రాసింది చూసి, "అక్షరాలు గుండ్రంగ వచ్చినయి" అని ఒక్క మాటన్నడు. ఆ ఒక్క మాటకే మల్ల ఏడ్చిన.

అందుకే చదివేటోళ్లందరి సాక్షిగ ఒట్టు పెడుతున్న. ఈ జన్మల వెనుక జిగురున్న ఏ వస్తువు జోలికీ పోను. కవరు మూతి అంటియ్య. పెండ్లి కానుకకు రంగుకాగితం అంటియ్య. ఆఖరికి నుదుటికి స్టిక్కర్ బొట్టు గూడ బందు వెట్టి కుంకుమే పెట్టుకుంటున్న.

మొన్న మా ఆయన అడిగిండు, "గదేందే, ఆ స్టిక్కర్లు నీ దుకాణంల అమ్మేటియే గదా?"

"అమ్ముత" అన్న. "అంటియ్య."