ఇటుక రంగు చామంతి

ఈ ఉదయం నర్సరీలో చామంతి మొక్కల చిగుళ్ళు గిల్లుతున్నాను. అలా గిల్లితేనే పక్క కొమ్మలు వస్తాయి. రెండు వరుసలు అయ్యేసరికి వేళ్ళకి ఆ ఘాటు వాసన పట్టేసింది. కొంచెం చేదు, కొంచెం కర్పూరం. ఆ వాసన తగిలితే నాకు నూకరత్నం టీచరు గారు గుర్తుకొస్తారు.

చోడవరంలో ఆవిడ దగ్గర సైన్సు చదువుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఆవిడ బడిలో చదవలేదు. ఆవిడ రిటైరయ్యాకే నాకు తెలుసు. మా ఆయన విశాఖపట్నంలో ఫ్యాక్టరీ ప్రమాదంలో పోయాక, ఒకటో తరగతి చదివే కూతురిని తీసుకుని అన్నయ్య ఇంటికి వచ్చేశాను. పక్కిల్లే టీచరు గారిది. భర్త ఎప్పుడో పోయారు, పిల్లలు లేరు, పెరడంతా చామంతులు. వచ్చిన కొత్తలో నేను గుమ్మం దాటేదాన్ని కాదు. వదిన మంచిదే. అయినా అడుగు చప్పుడు కాకుండా తిరిగేదాన్ని. ఒకరోజు గోడ అవతలనుంచి ఆవిడ పిలిచారు. “ఏటే పార్వతీ, ఖాళీగానే ఉన్నావు కదా. నారు ఎండిపోతంది, నాకు నడుం వంగట్లేదు. ఓసారి రా.” అప్పటిదాకా అందరూ నన్ను ఓదార్చినవాళ్ళే. ఆవిడ పని చెప్పారు. వెళ్ళాను.

పసుపు చామంతి పిలక తీసి నాటితే పసుపు చామంతే పూస్తుంది. అదే పువ్వు గింజ వేస్తే ఏ రంగు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అందరూ పిలకలే నాటుకుంటారు. టీచరు గారు మాత్రం ఏటా ఒక మడి నిండా గింజలు జల్లేవారు. ఆ ఏడు ఆ మడి నా చేతుల్లో పెరిగింది. కార్తీకంలో మొగ్గలు విచ్చాయి. ఒకటి నిమ్మపండు రంగు, ఒకటి పాలమీగడ, ఒకటి వంగపండు చాయ. మూలనున్న మొక్క మాత్రం తుప్పు పట్టిన రేకులా విచ్చుకుంది. పీకేద్దామా అని అడిగాను. “ఆగు. రాత్రిపూట సలి తగలాల. రంగు ఇంకా తిరగలేదు,” అన్నారు. చలి ముదిరాక అది కాల్చిన ఇటుక రంగుకి తిరిగింది. పువ్వు ముదిరేకొద్దీ రేకుల అంచులు బంగారు రంగుకి వెలిసేవి. ఒకే మొక్కకి లేత పువ్వు ఒక రంగు, ముదురు పువ్వు ఒక రంగు. పొద్దున్నే లేచి దాన్ని చూడడానికే వెళ్ళేదాన్ని. లేవగానే వెళ్ళి చూడాలనిపించేది ఒకటుంటే ఎలా ఉంటుందో అప్పటికి మరిచిపోయాను.

ఆ రోజుల్లోనే పక్క వీధిలో ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం. పూలు అడిగితే ఇద్దరం బుట్ట పట్టుకుని వెళ్ళాం. బుట్ట నా చేతిలో ఉంది. ఆ ఇంటి పెద్దావిడ గుమ్మంలోనే ఆపింది. “మరోలా అనుకోకమ్మా. శుభమా అని వ్రతం సేసుకుంటన్నాం. బుట్ట టీచరమ్మకియ్యి.” నా చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళింది.

టీచరు గారు బుట్ట అందుకోలేదు. “నేనూ మొగుడు పోయినదాన్నే కదా. నా సేతిలోంచెలా తీసుకుంటన్నావు?” అని మామూలుగానే అడిగారు.

“మీ సంగతి వేరు. మీరు టీచరమ్మ.”

“వేరేం లేదు. నాటిందీ ఈ పిల్లే, కోసిందీ ఈ పిల్లే.” అని అక్కడే నిలబడ్డారు. లోపల పంతులుగారు పూలకోసం పిలుస్తున్నారు. పెద్దావిడ కోడలు బయటికొచ్చి, “ఇలా ఇయ్యక్కా,” అని నా చేతిలోంచే బుట్ట అందుకుంది.

ఇంటికొచ్చాం. టీచరు గారు అరుగుమీద కూర్చుని మిగిలిన పూలు మాల కడుతూ, “పెట్టుకోవాలనుందా?” అని అడిగారు. లేదన్నాను. సరే అన్నారు. దారం ముడి వేసి, “నేనూ మానేసేను, చాలా ఏళ్ళు. దానివల్ల ఎవరికి మేలు జరిగిందో ఇప్పటికీ తెలీదు,” అన్నారు.

కొన్నాళ్ళకి, పాపని బడినుంచి తీసుకురావడానికి వెళ్తూ, నేనే ఒక ఇటుక రంగు పువ్వు తుంచి జడలో పెట్టుకున్నాను. పాప నన్ను చూసి, “అమ్మా, మరి నాకేదీ?” అంది. ఇంటికెళ్ళేసరికి వదిన కూర కలుపుతోంది. నా జడ చూసి గరిటె ఆపింది. “జారిపోతంది, ఇలా రా,” అని తన తలలోంచి పిన్ను తీసి గుచ్చింది.

ఆ చామంతి పిలకలతోనే, టీచరు గారి పెరట్లోనే నా నర్సరీ మొదలైంది. పాప ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. పోయిన వేసవిలో టీచరు గారు కన్నుమూశారు.

మొన్న రావికమతం నుంచి ఒకావిడ కోడలితో వచ్చింది. కోడలి బోసి నుదురు చూసి సంగతి అర్థమైంది. అత్తగారు దేవుడికని తెల్ల చామంతి నారు తీసుకుంది. పూల ఫోటోలున్న బోర్డు చూపించి, “నీకేటి కావాలమ్మా?” అని కోడలిని అడిగాను. ఆ పిల్ల అత్తగారి వైపు చూసింది. నేను మళ్ళీ అడగలేదు, వేరే పనిలోకీ పోలేదు. అడిగి, జవాబు వచ్చేదాకా నిలబడడం టీచరు గారి దగ్గరే నేర్చుకున్నాను. చాలాసేపటికి ఆ పిల్ల వంగపండు రంగు మీద వేలు పెట్టింది. అత్తగారు సంచీ తెరిచి పట్టుకుంది.