మోకాలి వైద్యం, ఈత దుస్తుల కొలత

శ్రావణ మాసంలో ఒక మంగళవారం, రెండవ పీరియడ్ మొదలైన కొద్దిసేపటికి, మా పాఠశాల మెట్ల మీద పదమూడవ మెట్టు దగ్గర నా కుడి మోకాలు నా మాట వినడం మానేసింది. మెట్లు మొత్తం ఇరవై రెండు. ప్రధానోపాధ్యాయినిగా బాధ్యత స్వీకరించిన నాటి నుండి రోజుకు రెండు పర్యాయాలు వాటిని ఎక్కి దిగుతున్నాను కనుక ఆ సంఖ్యలో పొరపాటు లేదు. ఆ రోజు కాలు ఎత్తి తరువాతి మెట్టు మీద మోపగానే లోపల ఏదో కటుక్కుమంది. గోడ పట్టుకుని నిలబడిపోయాను. పైన పదవ తరగతి గదిలో ఎవరో బల్ల మీద దరువు వేస్తున్నారు. వెళ్లి ఆపలేకపోయాను.

నా వయసు యాభై ఆరు. ఒడిశాలోని బరంపురంలో ఒక తెలుగు మాధ్యమ పాఠశాలలో పని చేస్తున్నాను. మోకాళ్ల నొప్పితో బాధపడుతున్న సోదరీమణులకు ఉపయోగపడగలదని నా అనుభవాన్ని క్రమంగా రాస్తున్నాను. ముందే ఒక విషయం చెప్పడం న్యాయం. ఈ చికిత్సలో నన్ను ఎక్కువగా కష్టపెట్టినవి మందులు కావు, సూదులూ కావు. నా ఒంటికి సరిపోయే ఈత దుస్తులు.

మొదటి రెండు నెలలు తైలాలతో, వేడి కాపడాలతో, మోకాలికి తొడిగే నీ క్యాప్‌తో గడిపాను. నా గది కింది అంతస్తులో ఉంది. తొమ్మిది, పది తరగతులు పై అంతస్తులో ఉన్నాయి. హెడ్‌మిస్ట్రెస్ మెట్లు ఎక్కలేకపోతున్నదన్న సంగతి పిల్లలకు తెలియడానికి వారం కూడా పట్టలేదు. ఆనాటి దరువు క్రమంగా పాటగా, ఆ పాట బృందగానంగా ఎదిగింది. నేను కింద కూర్చుని వినేదాన్ని. నా ఉద్యోగంలో సగభాగం నా కళ్లెదుటే నా తల మీదికెక్కి కూర్చుంది.

చివరకు ఎముకల వైద్యుని వద్దకు వెళ్లాను. ఆయన ఒడియావారు, నెమ్మదస్తుడు. రక్తపరీక్షల్లో యూరిక్ యాసిడ్, ఆర్ఏ ఫ్యాక్టర్ సక్రమంగా ఉన్నాయి. విటమిన్ డి తక్కువగా ఉంది. ఎక్స్‌రేను వెలుతురు పలక మీద పెట్టి కలంతో చూపించారు.

"ఆస్టియో ఆర్థ్రైటిస్, మేడమ్. గ్రేడ్ త్రీ. ఇక్కడ జాయింట్ స్పేస్ చూడండి, తగ్గిపోయింది."

"ఆపరేషన్ అవసరమా?"

"టీకేఆర్, అంటే మోకీలు మార్పిడి, చెయ్యాలని నాకు తొందర లేదు. మీ క్వాడ్రిసెప్స్, తొడ కండరాలు, వీక్‌గా ఉన్నాయి, బరువు ఎక్కువగా ఉంది. నేల మీద ఎక్సర్‌సైజ్ చేస్తే నొప్పి పెరుగుతుంది. అందుకని నీళ్లలో చెయ్యాలి, హైడ్రోథెరపీ. మూడు నెలలు చూద్దాం. ఫలితం లేకపోతే అప్పుడు సర్జరీ మాట్లాడుకుందాం."

"నీళ్లలో అంటే, ఏం కట్టుకుని?"

ఆయన మందుల చీటీ వైపు చూస్తూ, "అది ఫిజియో సిస్టర్ చెబుతారు," అన్నారు.

ఫిజియోథెరపీ కేంద్రంలో గుండెలోతు నీళ్లతో ఒక చిన్న పూల్ ఉంది. ఉదయం ఆరున్నర నుండి ఏడున్నర వరకు స్త్రీలకు ప్రత్యేకం. అక్కడి ఫిజియోథెరపిస్ట్ సస్మిత పాతికేళ్ల ఒడియా అమ్మాయి. నన్ను మొదటి రోజు నుంచే "మాఉసీ" అని, అంటే పిన్నీ అని పిలిచింది. నేను నూలు పంజాబీ డ్రెస్సు వేసుకుని, చున్నీని రెండు వైపులా పిన్నులతో బిగించి, సకల మర్యాదలతో నీళ్లలోకి దిగాను. నాలుగవ అడుగుకు కమీజులోకి గాలి చేరి, అది గొడుగులా విచ్చుకుని నా గడ్డం దాకా లేచింది.

నీళ్లలో అప్పటికే ఉన్న ఒకామె పగలబడి నవ్వింది. ఆమె పేరు పోలమ్మ, సముద్రం ఒడ్డునున్న పొడంపేట నుండి వచ్చి బరంపురంలో చేపల వ్యాపారం చేస్తున్న మనిషి. బుట్టలు మోసి మోసి నడుము పట్టేయగా వైద్యానికి వస్తోంది. కొడుకు ఫుట్‌బాల్ ఆడే లాగు, బనీను వేసుకుని ఉంది.

"అలగే ఉండిపోండి మేడమ్మగారూ, గాలి బాగా కొడితే గోపాలపూర్ ఎల్లిపోతారు," అన్నది.

సస్మిత నన్ను చేయి పట్టి పైకి తీసుకువచ్చింది. "మాఉసీ, కాటన్ పనికిరాదు. నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, పోగులు ఫిల్టర్‌లో పడతాయి. నైలాన్, లైక్రా మాత్రమే. బోర్డు మీద రాశాం కదా, చూడలేదా?"

ముప్పై సంవత్సరాలుగా నోటీసు బోర్డు చదవని పిల్లలను నిలబెట్టి మందలించినదాన్ని. తల వంచుకుని బట్టలు పిండుకున్నాను.

ఆ సాయంత్రం మావారితో కలిసి ఆట వస్తువుల దుకాణానికి వెళ్లాను. ఆయన రైల్వేలో పదవీ విరమణ చేశారు. ప్రపంచంలో దేన్నీ తీవ్రంగా తీసుకోని మనిషి. ఈత దుస్తులు చూపించమన్నాను.

"పాపకా మేడమ్?" అన్నాడు దుకాణదారు.

"అవును, మా మనవరాలికి," అన్నాను. మాకు మనవరాలు లేదు.

"ఎన్నేళ్లు?"

"పన్నెండు."

మావారు క్రికెట్ బ్యాట్ల వైపు తిరిగి వాటిని శ్రద్ధగా పరిశీలించసాగారు. దుకాణదారు రంగురంగుల చేపల బొమ్మలున్న దుస్తులను బల్ల మీద పరిచాడు. పెద్ద సైజులు ఉన్నాయా అని అడగడానికి నాకు దారి లేకపోయింది. చేతులూపుకుంటూ బయటికి వచ్చాం.

"పన్నెండేళ్ల మనవరాలు ఉన్నట్టు ఒక్క మాటైనా చెప్పలేదే," అన్నారు మావారు. "బారసాలకైనా పిలవవలసింది."

ఇక మిగిలింది ఆన్‌లైన్. అక్కడ పెద్ద సైజులు ఉన్నాయి, పక్కనే కొలతల పట్టిక కూడా ఉంది. పట్టిక ఉన్నచోట నాకు ధైర్యం వస్తుంది. మన ఇళ్లలో ప్రతి స్త్రీకీ ఒక ఆది జాకెట్టు ఉంటుంది కదా. కొత్త రవికె కుట్టించవలసి వచ్చినప్పుడల్లా దర్జీకి కొలత కోసం ఇచ్చేది అదే. మనిషిని కొలిచే పని లేదు. నా ఆది జాకెట్టు ముదురాకుపచ్చది. దాన్ని బల్ల మీద పరచి, స్కేలుతో కొలిచి, రెండుసార్లు సరిచూసుకుని, ఆ అంకెల ప్రకారం నలుపు రంగు ఈత దుస్తులు తెప్పించుకున్నాను.

పార్సిల్ వచ్చిన రోజు స్నానాల గదిలో తలుపు వేసుకుని వేసుకోబోయాను. అది మెడ నుండి మోకాళ్ల వరకు ఒకే తునక. నడుము దాకా ఎలాగో వచ్చింది. చేతులు దూర్చాక మరి పైకీ రాదు, కిందికీ పోదు. ఒక భుజం లోపల, ఒక భుజం బయట. మెడ పక్కకు వంగిపోయింది. ఆ పెనుగులాటలో కుడి మోకాలు మెలిపడింది.

"ఏమండీ," అని పిలిచాను.

తలుపు అవతల నుండి ఆయన పరిస్థితి అంతా విని, "అగ్నిమాపక దళాన్ని పిలవనా, కత్తెర చాలా?" అని అడిగారు.

కత్తెర చాలింది. కానీ మరునాటికి మోకాలు కొబ్బరికాయలా వాచింది. డాక్టరుగారు చూసి, "ఎఫ్యూజన్. ఫ్లూయిడ్ చేరింది," అని సిరంజితో నీరు తీశారు. వారం రోజులు విశ్రాంతి చెప్పారు.

"పూల్ ఎన్ని సెషన్లు అయ్యాయి?"

"ఒక్కటి. అదీ పూర్తి కాలేదు. దుస్తులు కుదరలేదు."

ఆయన నవ్వలేదు. "మేడమ్, మూడు నెలల్లో ఒక నెల అయిపోయింది. ఇలాగే ఉంటే నేను సర్జరీ డేట్ చూడవలసి వస్తుంది."

మావారితో ఆటోలో ఇంటికి వస్తూ లెక్క వేసుకున్నాను. శస్త్రచికిత్స అంటే నెలల తరబడి సెలవు. పరీక్షల కాలమంతా పై అంతస్తు దరువుకే వదిలిపెట్టాలి. ఆటోను ఇంటికి కాక నాగమణి కుట్టుపని దుకాణానికి పోనిమ్మన్నాను. నా రవికెలన్నీ కుట్టేది ఆమే. మర్నాడు వెళ్లేపాటి ఓపిక నాకు లేకపోయింది. మావారిని ఇంటికి పంపి ఆది జాకెట్టు తెప్పించి, ఆమె బల్ల మీద పెట్టాను.

"నాగమణీ, దీని కొలతలు తప్పు."

ఆమె జాకెట్టును చేతిలోకి తీసుకుని కుట్ల వెంట వేలు పోనిచ్చింది. "తప్పు కొలతలు కావండి. పాత కొలతలు. ఈ ఆది నాకిచ్చి పన్నెండేళ్లయినాది."

"అయితే? ఈ పన్నెండేళ్లూ నువ్వు కుట్టినవన్నీ దీని ప్రకారమే కదా. అన్నీ సరిపోయాయి."

"సరిపోవా ఏటి? ఏడాదికి పావంగుళమో, అరంగుళమో ఒదులు చేస్తానే ఒచ్చినాను. మీరు కొత్త జాకెట్టు ఏసుకుని, చూశావా, నా కొలత మారలేదు, మనిషికి క్రమశిక్షణ ఉండాలి అనీవోరు. నాను, అవునండి అనీదాన్ని."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"మీకా?" అన్నది నాగమణి. "నాను ఎనిమిదో కళాసు మీకాడే సదివినానండి. మీకేటి సెప్పగలను?"

అబద్ధమాడిన పిల్లల చేత 'నిజమే చెబుతాను' అని వందసార్లు రాయించినదాన్ని. నా పూర్వ విద్యార్థిని చేత పన్నెండేళ్లు మర్యాదగా అబద్ధం ఆడిస్తూ వచ్చానని ఆనాడు తెలిసింది. కోపం వస్తుందనుకున్నాను, నవ్వు వచ్చింది. నేను నవ్వుతుంటే నాగమణి మొదట భయపడి, తరువాత తానూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"టేపు తీయి," అన్నాను. "నన్ను కొలువు. ప్రతి అంకె పైకి చదువు."

తేడా అయిదంగుళాలు. దుస్తులు తానే కుడతానన్నది. పిల్లల నృత్య ప్రదర్శనలకు లైక్రా బట్టలు కుట్టిన అలవాటు ఆమెకు ఉంది. "బట్ట సాగితే దారమూ సాగాల. మామూలు కుట్టేస్తే నీళ్లలోనే టపటప తెగిపోతాది. జిగ్‌జాగ్ కుట్టు ఎయ్యాల," అని వివరించింది. మోకాళ్ల దాకా బిగుతు లాగు, పైన తొడల సగం వరకు వచ్చే గౌను, మోచేతుల దాకా చేతులు, ఛాతీ భాగంలో లోపల రెండవ పొర. పైది నీళ్లలో తేలిపోకుండా నడుము దగ్గర లోపలి వైపు రెండు హుక్కులతో లాగుకు తగిలించింది. జిప్ ముందు వైపు పెట్టింది. తడిసిన తరువాత వెనుక జిప్ తీయాలంటే మరొకరిని పిలవాలి. ఆ అవసరం నాకు ఒకసారి పడింది, చాలు.

రంగు నలుపు అన్నాను.

"నలుపెందుకండి, మీకేటి తక్కువ?" అన్నది. "నేరేడు పండు రంగు సూడండి."

నేరేడు పండు రంగుకే ఒప్పుకున్నాను. బరంపురం పట్టు చీర అంచులో ఉండే గోపురాల వరుసను ఆమె నన్ను అడగకుండానే గౌను అంచు చుట్టూ పసుపు బట్టతో వేసింది.

అద్దం ముందు సాధారణంగా బొట్టు, పాపిడి, కొంగు పిన్ను చూసుకుని తప్పుకుంటాను. ఆ దుస్తులు వేసుకున్న రోజు తల నుండి పాదం దాకా చూసుకున్నాను. ఎక్కడా కోసుకోలేదు, ఎక్కడా వేలాడలేదు. నా భుజాలు ఇంత నిటారుగా ఉంటాయని నాకు తెలియదు. బాగున్నాను. ఈ మాటను తగ్గించి రాయవలసిన అవసరం నాకు కనబడలేదు.

మావారు గుమ్మంలో నిలబడి, "హెడ్‌మిస్ట్రెస్ గారు ఇన్‌స్పెక్షన్‌కు బయలుదేరినట్టున్నారు," అన్నారు. కొంచెం ఆగి, "నిజంగా బాగుంది, జానకీ," అన్నారు.

పూల్‌లోకి రెండవసారి దిగినప్పుడు నా ఒంటి మీద ఏదీ లేవలేదు, జారలేదు, బరువెక్కలేదు. దుస్తుల సంగతి మరచిపోగలిగాను కనుక కాలి సంగతి ఆలోచించగలిగాను. సస్మిత చెప్పినట్టు అటూ ఇటూ నడిచాను, కాలు ముందుకూ పక్కకూ చాచాను. నేల మీద నన్ను కేకలు పెట్టించే మోకాలు నీళ్లలో చిన్నపిల్ల కాలిలా ఆడింది. ఎంతోకాలానికి నొప్పి లేకుండా గడిచిన మొదటి పది నిమిషాలు అవి.

పోలమ్మ నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. "సముద్రం ఒడ్డున పుట్టినాను గానండి, ముసిలిదాన్నయ్యేదాకా మోకాలు దాటి దిగనేదు. మా ఆడోళ్లం ఒడ్డునే ఉంటాం. ఇక్కడికొచ్చినాక తెలిసినాది, నీళ్లంటే ఏటో." తరువాత నా గౌను అంచు పట్టి చూసి, "ఇదెవరు కుట్టినారు? నాకూ ఒకటి కావాల. లాగు ఇచ్చీయమనీసి మా వోడు రోజూ దెబ్బలాడతన్నాడు," అన్నది.

ఆమెను నేనే నాగమణి వద్దకు తీసుకువెళ్లాను. ఆమె ముదురు ఎరుపు ఎంచుకున్నది.

అన్ని రోజులూ ఒకేలా గడవలేదు. మూడవ వారంలో ఉత్సాహం ఎక్కువై సస్మిత చెప్పినదానికి రెట్టింపు చేసి, రెండు రోజులు కుంటుతూ నడిచాను. ఆమె నన్ను మందలించింది. నేను వినవలసి వచ్చింది. ఆ తరువాత లెక్క తప్పలేదు. గడువు ముగిసేనాటికి అయిదు కిలోలు తగ్గాను. డాక్టరుగారు కాలు వంచి, చాచి, తొడ కండరం నొక్కి చూశారు.

"క్వాడ్రిసెప్స్ బాగా ఇంప్రూవ్ అయ్యాయి. ఎక్స్‌రేలో గ్యాప్ పెరగదు, అది గుర్తుంచుకోండి. కానీ ఈ మోకాలికి ఇప్పుడు ఆపరేషన్ అక్కరలేదు. పూల్ మానకండి. మెట్లు రోజుకు ఒకసారి, రైలింగ్ పట్టుకుని."

మరునాడు రెండవ పీరియడ్‌లో ఒక్కొక్క మెట్టే ఎక్కాను. ఇరవై రెండూ అయ్యాయి. పదవ తరగతిలో బృందగానం రెండవ చరణంలో ఉంది. గుమ్మంలో నిలబడ్డాను. బల్ల మీద వాయిస్తున్న అమ్మాయి చేతులు గాలిలోనే ఆగిపోయాయి. "మిగిలింది కూడా పాడండి, వింటాను," అన్నాను. ఎవరూ పాడలేదు. ఆ నిశ్శబ్దంలో నేను పొందిన సంతోషాన్ని వర్ణించడం నా హోదాకు తగదు.

ఇప్పుడు వారానికి మూడు ఉదయాలు పూల్‌కు వెళుతున్నాను. ఆ గంటకు ఆరుగురం స్త్రీలం వస్తున్నాం. అందులో నలుగురు నాగమణి కుట్టినవే వేసుకుంటారు. ఏ ఇద్దరి మోకాళ్లూ ఒకటి కావు. శస్త్రచికిత్స అవసరమని వైద్యుడు చెబితే చేయించుకోవలసిందే. నీళ్లలో వ్యాయామం చెప్పినవారికి మాత్రం నా సలహా ఒక్కటి. ఈత దుస్తులకు మీ కొలతను మరొకరి చేత, టేపుతో, ఈనాటి ఒంటి మీద తీయించుకోండి. తీసేటప్పుడు పొట్ట లోపలికి పీల్చుకోకండి. నేను పీల్చుకున్నాను. నాగమణి టేపు పట్టుకుని, నేను ఊపిరి వదిలేదాకా అలాగే నిలబడింది.