చాటలో తెల్ల కాగితం

నిజామాబాద్‌లోని మా గల్లీలో పొద్దున్నే భూమవ్వ గడపలో కూర్చుంటుంది. ఒళ్లో చాట పెట్టుకుని, తడి గోనెలోంచి తునికాకు తీసి బీడీలు చుడుతుంది. వేళ్లూ ఆగవు, నోరూ ఆగదు. "గీ కాలం పోరగాండ్లకు ఫోనే దిమాకు. ఫోను బందైతే ఈళ్లూ బందే!" అని దారిన పోయేవాళ్లకు వినిపిస్తుంది. పక్కన కోడలు కూర్చునే పీట మాత్రం ఖాళీ. చిల్లి పడ్డ ఆకులు ఏరి పారేసేది ఆ కోడలే. ఆమె చనిపోయాక చిల్లి బీడీలు కార్ఖానా నుంచి వాపసు రావడం మొదలైంది. ఇంకోసారి వస్తే పని ఇచ్చేది లేదన్నారు. చూపు తగ్గిందని భూమవ్వ ఎవరితోనూ అనలేదు.

మొన్న ఆ కోడలి కూతురు, ఎప్పుడూ ఫోనులోనే చదువుకునే సంజన చాట అడుగున తెల్ల కాగితం అంటించింది. భూమవ్వ మండిపడింది. "నీ అయ్య తెచ్చిండా చాట? ఖరాబు జేస్తివి గదనే!"

"తిట్టుడు ఆపి, ఆకు పెట్టి సూడవ్వా" అంది సంజన.

పెట్టింది. ఆకు నడుమ చిల్లి తెల్లగా కనబడింది. భూమవ్వ దాన్ని పక్కన పడేసి ఇంకోటి పెట్టింది. ఆ పూటంతా ఒక్కో ఆకునూ కాగితం మీద పెట్టి చూశాకే చుట్టింది.

ఈసారి ఒక్క బీడీ వాపసు రాలేదు. "మీ సంజనకు మస్తు దిమాకున్నది" అంది పక్కింటామె.

"దాని మొఖం! అంత తల్లి తెలివి" అంటూ భూమవ్వ ఖాళీ పీటను కొంగుతో తుడిచింది. మనుమరాలిని కేకేసింది. "రావే, ఫోనైతే ఫోనే, గీడనే కూసొని సదువుకో."