ఎల్లేశం ఎక్కించిన ఇంగ్లీషు దూలాలు

వడ్రంగి పనిచేసే వడ్ల ఎల్లేశం ముప్ఫై ఏళ్లుగా బోరబండలోనే కాపురం. పడుచుతనంలో ఇళ్లకు దూలాలు, వాసాలు ఎక్కించినవాడు. స్లాబులు వచ్చాక ఆఫీసుల్లో ప్లైవుడ్డు కోసి అతికించే పనికి దిగాడు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ అతనికి ఒళ్లు మండుతుంది.

కోకాపేటలో ఇంగ్లీషు పబ్బు కడుతూ అతన్ని పిలిపించారు. ఆర్కిటెక్టు రసజ్ఞ ఫోన్లో ఒక ఫోటో చూపించింది. ఇంగ్లండులో ఏదో పల్లెలో నాలుగు వందల ఏళ్లుగా నిలబడ్డ పబ్బు అట. నల్లటి దూలాల మధ్య తెల్లటి సున్నపు గోడలు, కింది అంతస్తు కన్నా మూరెడు ముందుకు వచ్చిన పై అంతస్తు. ఎల్లేశం ఆ ఫోటో పెద్దది చేయించుకుని దూలాలు కలిసే చోట చూశాడు. ఇనుప మేకు ఒక్కటీ లేదు. ఒక దూలం కొస చెక్కి, రెండోదాని తొర్రలో దింపి, అడ్డంగా కర్ర చీల కొట్టారు.

"మా నాయిన గిట్లనే కొడుతుండె మేడం! గీ ఇల్లు కట్టినోడు మా వడ్లాయనే అయ్యుంటడు."

"మీరూ అలా చేయగలరాండీ?"

"చేస్తనమ్మా. జర టైం ఇయ్యున్రి."

పాత ఇళ్లు కూల్చినచోట టేకు దూలాలు ఏరి తెచ్చుకున్నాడు. వంకర దూలాన్ని వంకరగానే ఉంచి, దాని ఒంపు చూసి పక్కదాన్ని చెక్కాడు. మూడు వారాల్లో ముందు గోడకు చట్రం నిలబడింది. ఇంట్లోనూ అదే ముచ్చట. "మన పెండ్లినాడు గూడ నీకు గింత ఖుషీ లేకుండె" అని భార్య కిష్టమ్మ నవ్వింది.

చట్రం నిలబడిన మర్నాడు కాంట్రాక్టరు శివశంకర్ వచ్చాడు.

"గీ దూలం అడ్డముంటే ఏసీ పైపు యాడికెల్లి పోవాలె? కోసెయ్."

"నేను కొయ్య" అన్నాడు ఎల్లేశం.

రసజ్ఞకు ఫోన్ చేశాడు. "పైపు దారి మార్చాలంటే ఆలస్యమవుతుంది, ఓనరుగారు ఓపెనింగు డేటు మార్చనంటున్నారండీ. నా మాట వినలేదు" అందామె.

తెల్లారి వచ్చేసరికి చట్రాన్ని మిషనుతో కోసి పారేశారు. చీలలు కొట్టిన అతుకులు మాత్రం ఊడలేదు. వాటికి అటూ ఇటూ కోశారు. ఆ ముక్కల్లో కొన్ని అప్పటికే వాచ్‌మన్ టీ పొయ్యిలో మండుతున్నాయి. గోడ పక్కన, లోపల పైపు పట్టేలా బోలుగా చేసిన ఫోము దూలాలు దించారు. ఒక్కోటి ఒంటిచేత్తో లేచేంత తేలిక.

"వీటికి కర్ర రంగు నువ్వే ఎయ్యాలె. నీకు తెలిసినంత ఎవనికి తెలుసు?" అన్నాడు శివశంకర్.

పనిముట్ల సంచి భుజాన వేసుకుని గేటు దాకా పోయాడు ఎల్లేశం. యాభై ఎనిమిదేళ్లవాడిని కొత్తగా ఎవరు పెట్టుకుంటారు? వెనక్కి తిరిగాడు. పగుళ్లు, కర్ర ముడులు, పురుగు తొలిచిన బొక్కలు అన్నీ కుంచెతో దించాడు. చీల తల ఉండాల్సిన చోటల్లా ఒక గుండ్రటి మచ్చ పెట్టాడు.

ఓపెనింగు రోజు ఓనరు ఒక ఫోము దూలాన్ని నిమురుతూ, "ఒరిజినల్ టేకు, చూడండి" అని అతిథులకు చెప్పాడు. వాళ్లు దాని కింద నిలబడి ఫోటోలు దిగారు. ఎల్లేశం పనిని అంతమంది మెచ్చుకోవడం అదే మొదటిసారి. వారం తిరక్కుండా శివశంకర్ మరో రెండు పబ్బుల ఫోము పనికి అతన్ని ఒప్పించాడు.

"నీ ఇంగ్లీషు ఇల్లు మంచిగైందా?" అంది కిష్టమ్మ, అన్నం వడ్డిస్తూ.

"అయింది" అన్నాడు, తలెత్తకుండా.