పెద్దమ్మ అడిగిన టోపీ

మొన్న మిరపకాయలు కళ్ళానికి చేరాయని తెలిసి, మోకాళ్ళ నొప్పుల్ని కూడా లెక్కచేయకుండా చూసొద్దామని పొలం వెళ్ళాను. ఎర్రటి రాశికి ఓ మూలగా మా తమ్ముడి కొడుకు దిష్టిబొమ్మను నిలబెట్టాడు. గడ్డి కూరిన చొక్కా, బొగ్గుతో మీసాలు దిద్దిన కుండ తల, అంతవరకూ బాగానే ఉంది. ఆ తల మీద చూద్దును కదా, నా నీలం టోపీ! సైన్యంలో ఉన్నప్పుడు శాంతిసేన జవానుగా పరాయి దేశంలో నేను పెట్టుకున్న టోపీ, ఇన్నేళ్ళూ బీరువా మీద అట్టపెట్టెలో ప్రాణంలా దాచుకున్న టోపీ, అక్కడ మసికుండ మీద ఓరగా కూర్చుని ఉంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాణ్ణి పిలిచి నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు మాత్రం తాపీగా, "పెట్టెలో ఉంటే పురుగులు కొట్టేస్తున్నాయి పెదనాన్నా, ఇక్కడైతే కాపలాకైనా పనికొస్తుందిగా" అన్నాడు.

ఆ మాటతో అక్కడే ఉన్న మంచం మీద కూలబడ్డాను. సరిగ్గా ఈ పనికే ఈ టోపీని నన్ను వెనకటికి ఒకావిడ అడిగింది.

కళ్ళం కాపలా అంటే ఏమిటో మన ఈడువాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. కోసిన కాయ ఎండి బస్తాలకెక్కే దాకా మా నాన్న ఇంటిమొహం చూసేవాడు కాదు. నులకమంచం, దుప్పటి, చేతికర్ర, అంతే ఆయన సరంజామా. ఆ కర్ర ఎత్తి ఎవర్నైనా కొట్టగా నేను చూడలేదు గానీ, ఎత్తాల్సి వస్తే మాత్రం ఆయన ఎవర్నీ అడగాల్సిన పనిలేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నాకిచ్చిన తుపాకీకి ఆ సదుపాయం లేదు.

సైన్యంలో చేరిన కొన్నేళ్ళకి మా దళాన్ని ఆఫ్రికాలో ఒక దేశానికి పంపారు. అక్కడ రెండు వర్గాలు కొట్టుకుంటూ, మధ్యలో పల్లెజనాన్ని దోచుకుతింటున్నాయి. మావాడు యుద్ధం ఆపడానికి వెళుతున్నాడని మా అమ్మ ఊరంతా చెప్పుకుంది, పాపం. తీరా వెళ్ళాక మాకు చెప్పిన నిబంధనలు ఏమిటంటే, మా మీద కాలిస్తేనే మేం కాల్చాలి, పొద్దు వాలేలోగా క్యాంపులోకి వచ్చెయ్యాలి. మేం పగలంతా తెల్లబండ్లలో ఊళ్ళు తిరిగి చేతులూపి వచ్చేవాళ్ళం, దోపిడీగాళ్ళు చీకటి పడ్డాక తీరిగ్గా బయల్దేరేవాళ్ళు. మా డ్యూటీ వేళలు మాకన్నా వాళ్ళకే బాగా తెలుసు. తెల్లారి మేం మళ్ళీ వెళ్ళి, ఏం పోయింది, ఎవరికి దెబ్బలు తగిలాయి అని అడిగి వచ్చేవాళ్ళం. అంత సిగ్గుచేటు పని నేను జీవితంలో ఇంకోటి చెయ్యలేదు.

మా క్యాంపుకి దగ్గర్లో ఉన్న పల్లెలో మిరప వేసేవాళ్ళు. మన కాయలాంటిది కాదు, పొట్టిగా బొద్దుగా ఉంటుంది, ఘాటు మాత్రం తక్కువేం కాదు. ఆ కోతల రోజుల్లో ఒక పొద్దున్నే ఆడవాళ్ళంతా గంపలెత్తుకుని వచ్చి, మా గేటు ముందు నేల ఊడ్చి కాయలు ఆరబోయడం మొదలుపెట్టారు. అందరికీ పెద్దదిక్కుగా ఒక ముసలావిడ ఉంది. మా నాయనమ్మ పోలికే, అదే గొంతు, అదే అదిలింపు, నేను పెద్దమ్మా అనే పిలిచేవాణ్ణి. ఇక్కడ ఎందుకు పోస్తున్నారని మా మేజర్ గారు దుబాసీ చేత అడిగిస్తే, ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని చెప్పిన జవాబు నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

"మీరు మా ఊరికి కాపలా రాలేరు కదా, అందుకని ఊరే మీ దగ్గరికొచ్చింది."

చూశారా తెలివి! అక్కడికొచ్చి ఎవడైనా తుపాకీ పేలిస్తే అది మా మీద పేల్చినట్టే, అప్పుడు మేం కాల్చవచ్చు. అంతమంది అధికారులు కూర్చుని రాసిన నిబంధనల్లోంచి తమకు పనికొచ్చేది ఒక్కటి ఏరుకుంది ఆ మహాతల్లి. గేటు ముందు దారి వదలాలని రూలుంది, మేజర్ గారు కాయల ఘాటుకి తుమ్మి తుమ్మి కళ్ళనీళ్ళు తుడుచుకుంటున్నారు, అయినా ఆయన కూడా పంజాబులో రైతు ఇంట పుట్టినవాడే కాబట్టి, బండ్లను పక్కనుంచి పోనివ్వమని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు. నేను డ్యూటీ దిగాక బూట్లు విప్పి, మన కళ్ళాల్లో లాగే పాదాలు ఈడుస్తూ కాయలు తిరగదోస్తుంటే, పెద్దమ్మ పళ్ళులేని నోటితో విరగబడి నవ్వింది. ఆ నవ్వు విన్నప్పుడు, ఇంత దూరం వచ్చినందుకు ఇన్నాళ్ళకి ఒక పని చేస్తున్నానని నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. దోపిడీగాళ్ళు ఆ చుట్టుపక్కలకే రాలేదు.

వాళ్ళు రాకపోవడమే కొంప ముంచింది. ఆ ప్రాంతంలో ఈమధ్య దోపిడీలు లేవు కనుక ప్రశాంతత నెలకొన్నదనీ, అక్కడ క్యాంపు అనవసరమనీ, వెంటనే ఎత్తేయమనీ ఆ దేశపు రాజధానిలో ఉన్న మా పైఅధికారుల నుంచి ఉత్తర్వు వచ్చింది. కాయ ఇంకా సగం పచ్చిగానే ఉంది. మేజర్ గారు కాయలు ఎండేదాకా ఆగుతామని పైవాళ్ళని బతిమాలారు. వాళ్ళకి కళ్ళమేమిటో, కాయ ఆరడమేమిటో ఎలా తెలుస్తుంది? వేరేచోట ఇంకా పెద్ద గొడవ ఉంది, ఉన్న బలగమే తక్కువ, వాళ్ళ ఇబ్బంది వాళ్ళది.

మేం సామాను ఎక్కిస్తుంటే పెద్దమ్మ ఏడవలేదు, తిట్టలేదు. నా దగ్గరికొచ్చి, నా తల వైపు చూపించి, దుబాసీతో ఏదో చెప్పింది.

"మీరు వెళ్ళాలంటే వెళ్ళండి, ఆ టోపీ ఒక్కటి ఇచ్చిపోండి. గుంజకి తగిలిస్తే, దూరం నుంచి చూసినవాళ్ళు మీరు ఉన్నారనుకుంటారు."

నేను మేజర్ గారి వైపు చూశాను. టోపీ ఇవ్వడానికి వీల్లేదు, అది వేరేవాళ్ళ చేతుల్లో పడితే దాన్ని పెట్టుకుని ఎవరు ఏ ఘోరం చేస్తారో అన్నది నిబంధన. అందులో న్యాయం ఉంది, కాదనను. ఆయన నేల చూపులు చూస్తూ తల అడ్డంగా ఊపారు. పెద్దమ్మకి దుబాసీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. వంగి ఒక గుప్పెడు ఎండుకాయలు ఏరి, నా చొక్కా జేబులో పోసి, మళ్ళీ పని చూసుకోవడానికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వాళ్ళేమయ్యారో, ఆ కాయ ఎండిందో లేదో నాకు తెలియదు. తెలుసుకుందామంటే ఆ పల్లె పేరు ఏ పేపర్లోనూ రాలేదు. తీరా మేం ఢిల్లీలో దిగాక తుపాకులూ, బూట్లూ, దోమతెరలూ అన్నీ లెక్కచూసి తీసుకున్నారు గానీ, టోపీలు మాత్రం గుర్తుగా మీరే ఉంచుకోండి అన్నారు.

ఇప్పుడు మన దగ్గర కళ్ళం మీద పడుకునేవాళ్ళే తగ్గిపోయారు. కాయ ఎండీ ఎండగానే లారీ వస్తుంది, గుంటూరు కోల్డ్ స్టోరేజీకి పోతుంది, మా తమ్ముడి కొడుకు ఫోన్లో కెమెరా చూసుకుంటూ ఇంట్లో హాయిగా నిద్రపోతాడు. ఇంకా ఎక్కడెక్కడో దేశాలకి మనవాళ్ళు నీలం టోపీలు పెట్టుకుని వెళుతూనే ఉన్నారని వార్తల్లో వింటుంటాను. వాళ్ళ గేట్ల ముందు ఎవరు ఏం ఆరబోసుకున్నారో అనిపించి ఆ పూట అన్నం సయించదు.

మొన్న కళ్ళంలో మా తమ్ముడి కొడుకు కాసేపటికి మెత్తబడి, టోపీ తీసి దులిపి ఇవ్వబోయాడు. వద్దురా, ఉండనివ్వు అన్నాను. లేచి వెళ్ళి, ఓరగా ఉన్నదాన్ని నేనే తిన్నగా సర్దాను. కెమెరా ఉన్న కళ్ళానికి దాని కాపలా ఏం అవసరం? అవసరమైన చోట మాత్రం ఉంచి రానివ్వలేదు.