వైఫై తెగింది, నా పెదవి చిట్లింది

కొత్తపేటలోని మా ఆన్‌లైన్ సెంటర్‌లో ఈ రోజు నేను దెబ్బలు తిన్నాను.

ఉన్న ఒక్క కంప్యూటర్‌కి నిన్న ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేశాను. అప్పటి నుంచి వైఫై మాటిమాటికీ తెగిపోతోంది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టినా అంతే. చెట్లెక్కి కొబ్బరి దింపు తీసే సూరిబాబు గారు కూతుర్ని వెంటబెట్టుకుని, ఆమె నర్సింగ్ సీటుకి దరఖాస్తు పెట్టించడానికి వచ్చారు. సాయంత్రం ఐదింటికి గడువు అయిపోతుంది.

మూడోసారి కూడా సబ్మిట్ నొక్కబోతుండగా కనెక్షన్ పోయింది. ఆయన నా కాలర్ పట్టుకుని లేపి, చాచి కొట్టారు. బీరువా అంచు తగిలి నా పెదవి చిట్లింది. రౌటర్‌ని నేలకేసి కొట్టబోతుంటే కూతురు ఆయన చెయ్యి పట్టుకుని అరిచింది.

"అది పగిలితే నా సీటు పోద్ది నాన్నా!"

రక్తం మింగుతూనే సెట్టింగులన్నీ వెతికాను. కరెంటు ఆదా కోసం వైఫైని ఆపేసే చోట టిక్ పడి ఉంది. తీసేశాను. ఐదుకి నాలుగు నిమిషాలుండగా దరఖాస్తు వెళ్ళింది.

"ఆయ్, తప్పయిపోయిందండి. మీరు కూడా ఓటి పీకేయండి," అంటూ సూరిబాబు గారు చెంప చూపించారు.

నిజంగానే చెయ్యెత్తాను. ఆ అమ్మాయి కళ్ళు గట్టిగా మూసుకుంది. దించేశాను.

మా ఆవిడ కేసు పెట్టమంటోంది. నాకేమో చెయ్యి ఇంకా దురద పెడుతూనే ఉంది. మీరైతే కొట్టేవారా? నిజం చెప్పండి.