పత్తి గింజ లెక్క

నాకు చిన్నప్పటి నుంచి ఒక జబ్బుంది. ఎవరైనా ఒక మాట అడిగితే దానికి జవాబు చెప్పి ఊరుకోను. దాని వెనకున్నదీ, పక్కనున్నదీ కూడా చెబితే గాని నాకు తృప్తి ఉండదు. ఎదుటివాళ్లు చెప్పింది తప్పనిపించిందా, ఇక నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఈ జబ్బును వెంటబెట్టుకునే సీఎంఏ ఇంటర్ పరీక్షకు కట్టాను.

అప్పటికే నాకు రెండు పనులున్నాయి. పొద్దున నరసరావుపేటలో డిగ్రీ కాలేజీ, బీకాం రెండో సంవత్సరం. మధ్యాహ్నం బస్సెక్కితే చిలకలూరిపేట దగ్గర ఒక జిన్నింగ్ మిల్లు. అక్కడ ఆఫీసులో కాటా చీట్లు కంప్యూటర్‌లో ఎక్కించడం, బిల్లులు కొట్టడం, ఫోన్లెత్తడం నా పని. సీఎంఏ అంటే ఫ్యాక్టరీల్లో ఏ సరుకు తయారీకి ఎంత ఖర్చయిందో తేల్చే చదువు. అది పాసైతే దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీల్లో ఆఫీసు ఉద్యోగం రావచ్చని మా కాలేజీ మేడం చెప్పింది. నాన్న ఆ ఫ్యాక్టరీల సిమెంటు లారీయే తోలుతాడు. లోడు దొరికేదాకా ఆ గేటు బయట లారీల వరసలో గంటల తరబడి ఎండలో ఉంటాడు. అదే గేట్లోంచి నేను లోపలికెళ్లి ఫ్యాను కింద కుర్చీలో కూర్చోవాలని నా కోరిక. ఎవరికీ చెప్పలేదు గాని, చానా గట్టి కోరిక.

ఇంట్లో మొదట నవ్వింది అమ్మే.

“రెండు పడవల మీద కాళ్లు పెట్టినోళ్లను చూశా గానీ, నువ్వేందే మూడిటి మీద పెడతన్నావు? కాళ్లు చూస్తే రెండేగా!” అంది.

నాన్న నవ్వలేదు. “ఒకసారి చూద్దాం. బండి లాగలేకపోతే మాత్రం ఒక సరుకు దించాల్సిందే. కాలేజీ ఆపేది లేదు. మిల్లు మానేస్తే ఇల్లు గడవదు. దించితే ఆ పరీక్షే దించాలి. ముందే చెబుతన్నా,” అన్నాడు.

సరేనన్నాను. అప్పుడు ఒక్క ముక్కలో సరేనన్నాను గనక నాకు బాగా గుర్తు.

పరీక్షలు డిసెంబరులో. పత్తి కూడా డిసెంబరులోనే. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏమిటో ఆ చలికాలం తెలిసింది. మిల్లు ముందు ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడేవి. కాటా మీంచి ఒకటి దిగకముందే ఇంకొకటి ఎక్కేది. రైతులు కిటికీ దగ్గర తలలు దూర్చి, “నా చీటీ ముందు కొట్టమ్మాయ్,” అని అరిచేవాళ్లు. సాయంత్రానికి నా జడ నిండా దూది. తిరుగు బస్సులో ఆడవాళ్లు, “ఏమే, పొద్దున పిల్లవి, సాయంత్రానికి ముసల్దానివైపోయావే!” అని ఆట పట్టించేవాళ్లు. నేను తల దులుపుకుని పుస్తకం తెరిస్తే పేజీల మధ్యలోంచి కూడా దూది రేగేది.

నిజంగా చదువు సాగింది మాత్రం గింజల గోడౌనులో. రైతు తెచ్చిన పత్తిని మిషన్లో వేస్తే దూది ఒక పక్క, గింజ ఒక పక్క పడుతుంది. దూదిని బేళ్లు కట్టి నూలు మిల్లులకు పంపుతారు. గింజ నూనె మిల్లులకు పోతుంది. నూనె తీశాక మిగిలిన చెక్క గేదెలకు. మిల్లంతా చెవులు పగిలే మోత గాని, గింజల గోడౌనులో కాస్త నెమ్మది. కుప్పకు ఆనుకుంటే వీపుకు వెచ్చగా కూడా ఉంటుంది. అన్నం తిన్నాక దొరికే ఆ కాసేపూ అక్కడే గోతం పరుచుకుని కాస్ట్ అకౌంటింగ్ చదివాను. ఒకసారి ఓనరు గారు అటు వచ్చి నన్ను చూశారు. తిడతారేమోనని లేచాను.

“కూర్చో, కూర్చో. మంచి చోటే చూసుకున్నావు,” అని దోసిట్లోకి గింజలు తీసుకున్నారు. “దూది డబ్బులు రైతుకీ, కరెంటుకీ, కూలోళ్లకీ పోతాయమ్మాయ్. మనం అన్నం తినేది దీని మీదే.”

ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. నాటుకోకుండా ఉంటే ఎంత బాగుండేదో!

ఓనరు గారు మంచివారే గాని ఆయనకు ఒక ఊతపదం ఉంది. లారీ వచ్చిందా అని అడుగుతారు. నేను, “డ్రైవరు ఫోన్ చేశాడండీ, టైరు పంక్చరట, స్టెప్నీ కూడా సరిగా లేదంట...” అని మొదలుపెడతాను. ఆయన చెయ్యెత్తి, “అడిగింది చెప్పమ్మాయ్!” అంటారు. రోజుకు నాలుగైదు సార్లయినా అనేవారు. నాకు ఒళ్లు మండేది. ఉన్న సంగతంతా చెబితే తప్పా?

పరీక్ష గుంటూరులో. కాస్ట్ అకౌంటింగ్ పేపరు తెరవగానే ప్రాణం లేచొచ్చింది. ఒక పెద్ద లెక్క, అది కూడా జిన్నింగ్ మిల్లు లెక్క! ఇంత పత్తి కొన్నారు, ఇంత ఖర్చయింది, ఇంత దూది, ఇంత గింజ వచ్చింది. గింజను బై-ప్రొడక్టుగా తీసుకుని దూది ఖర్చు తేల్చమన్నారు. బై-ప్రొడక్టు అంటే అసలు సరుకు తయారవుతుంటే దాని వెంట ఊరికే వచ్చే చిల్లర సరుకు. అది అమ్మగా వచ్చింది ఖర్చులోంచి తీసేస్తే సరిపోతుంది. చిన్న లెక్క.

చిల్లర సరుకా? బరువులో దూది కన్నా గింజే ఎక్కువ. మిల్లు అన్నం తినేది దాని మీద. నేను నెలల తరబడి వీపు ఆనించింది దానికి. నాకు కోపం వచ్చింది. నిజంగా, పరీక్ష హాల్లో కూర్చుని, ప్రశ్నపత్రం మీద కోపం వచ్చింది. గింజ బై-ప్రొడక్టు కాదనీ, దూదితో సమానమైన సరుకేననీ, ఖర్చును రెండిటికీ పంచాలనీ పేజీన్నర వాదించాను. పంచి చూపించాను కూడా. తల ఎత్తేసరికి టైం అయిపోవచ్చింది. వెనక రెండు ప్రశ్నలు అలాగే మిగిలిపోయాయి.

అయినా హాల్లోంచి విజయగర్వంతో బయటికొచ్చాను. దిద్దేవాడికి పత్తి గింజంటే ఏమిటో నేర్పానని తిరుగు బస్సులో పక్కనున్నామెకు చిలకలూరిపేట దాకా చెబుతూనే ఉన్నాను. పాపం, ఆమె ఊఁ కొడుతూ నిద్రపోయింది.

ఫిబ్రవరిలో ఫలితాలు వచ్చాయి. ఆ ఒక్క పేపరే పోయింది. మా పరీక్షల్లో ఒక పేపరు పోతే గ్రూపు పోయినట్టే, అందులోని పేపర్లన్నీ మళ్లీ రాయాలి.

ఆ వారం నాన్న ఇంటికొచ్చాడు. కాళ్లు కడుక్కుని, మంచం మీద కూర్చుని, మెల్లగా, “దించుదామా?” అన్నాడు. అరిచినా బాగుండేది. అంత మెల్లగా అడిగేసరికి నాకు ఏడుపు ఆగలేదు. పుస్తకంలో తప్పు రాశారని, మిల్లు మొహం చూడని వాళ్లు ప్రశ్నలు రాస్తే ఇలాగే ఉంటుందని ఏడుస్తూనే వాదించాను. నాన్నకు సగం అర్థం కాలేదు. చివరికి, “జూన్‌లో పత్తి ఉండదు నాన్నా. మిల్లు ఖాళీ. ఇంకొక్కసారి రాస్తా,” అన్నాను.

నాన్న తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. “సరే. ఇదే ఆఖరి ట్రిప్పు,” అన్నాడు.

కోపం మాత్రం నాకు తగ్గలేదు. ఎండలు ముదిరే రోజుల్లో, మిల్లులో చివరి బేళ్లు పోతున్నప్పుడు, ఓనరు గారు ఒక చెవిన ఫోను పెట్టుకునే నన్నడిగారు, లోడు బయలుదేరిందా అని. అవతల సరుకు కొనేవాళ్లు. నేను యథాప్రకారం కూలీలు ఆలస్యంగా వచ్చారనీ, పట్టా కప్పడం మధ్యలో ఉందనీ మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తారు. ఫోను పెట్టేశాక, ఎప్పటిలా విసుక్కోకుండా ఎదురుగా కూర్చున్నారు.

“నువ్వు చెప్పేది అబద్ధమని కాదమ్మాయ్. అవతలోడు కొనేవాడు. వాడు అడిగింది ముందు వాడి చేతిలో పెట్టాలి. సరుకు పోయినాక ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. ముందే మాట్లాడితే సరుకు మన దగ్గరే ఉంటది, మాటా మన దగ్గరే ఉంటది.”

నా పేజీన్నర వాదన గుర్తొచ్చింది. సరుకూ పోలేదు, మాటా ఎవరూ వినలేదు. అప్పుడు ఆయనకు పరీక్షలో ఏం చేశానో చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకునేంత నవ్వారు.

“మన గింజ కోసం గుంటూరు పోయి పోట్లాడొచ్చావా!” అన్నారు. నవ్వుతున్నా ఆ గొంతులో కాస్త సంబరం కూడా ఉంది.

జూన్‌లో మళ్లీ అదే హాలు. ఈసారి పత్తి మిల్లు లెక్క రాలేదు. నూనె మిల్లు లెక్క వచ్చింది. నూనె, చెక్క. చెక్కను బై-ప్రొడక్టుగా తీసుకోమన్నారు. నా చెయ్యి దురద పెట్టింది. మా ఊళ్లో గేదె ఉన్న ఏ ఇంట్లో అడిగినా చెక్క చిల్లర సరుకు కాదని చెబుతారు. కానీ నాన్న మంచం మీద కూర్చుని మెల్లగా అడిగిన మాట చెవిలో ఉంది. అడిగినట్టు లెక్క చేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాను. చివర్లో టైం మిగిలింది. ఆ జవాబు కింద నాలుగు వాక్యాలకు సరిపడా ఖాళీ కూడా ఉంది. పెన్ను మూత తీశాను, పెట్టాను, మళ్లీ తీశాను. ఏమీ రాయకుండానే పేపరిచ్చి వచ్చేశాను. ఆ ఖాళీ మీద నాకు ఇప్పటికీ బెంగ ఉంది.

ఫలితాలు వచ్చినప్పుడు మిల్లులోనే ఉన్నాను. గ్రూపు పాస్. ముందు నాన్నకే ఫోన్ చేశాను, కలవలేదు. ఓనరు గారికి చెబితే, మిఠాయి తెప్పించి, “ఈసారేం అడిగారు?” అన్నారు.

“నూనె మిల్లండీ. చెక్క బై-ప్రొడక్టు.”

“చెక్క అమ్మకపోతే నూనె మిల్లోడు మిల్లు తిప్పుతాడా? ఆ సంగతి రాయలేదా మరి?”

“వాళ్లు అడగలేదండీ.”

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. “అవున్లే,” అని తలుపేసి ఉన్న గింజల గోడౌను వైపు ఒకసారి చూసి, మిఠాయి పెట్టె నా ముందుకు జరిపారు. నాకు సంతోషంగానే ఉంది. మిఠాయి మాత్రం ఒకటి తీసుకుని తినకుండా చేతిలోనే పట్టుకున్నాను.

బస్సు కోసం నిలబడ్డప్పుడు నాన్న ఫోను. సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీల హారన్లు వినపడుతున్నాయి.

“పాసయ్యావా?”

“పాసయ్యాను.”

అంతటితో ఆపాను. అవతల నాన్న ఆగాడు, ఇంకా ఏదో వస్తుందని. ఏమీ రాకపోయేసరికి కంగారుపడ్డాడు.

“ఏందమ్మా, అంతేనా? ఏం అడిగారు, ఏం రాశావు? చెప్పు. నాకు ఇంకా లోడు దొరకలేదు.”

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, పత్తి గింజ దగ్గర నుంచి మొదలుపెట్టాను.